తాతల మేళం: ఇమాం సాహెబు మైనం తీసిన రోజు

పోయిన వారం ఇమాం సాహెబుగారిని గోవిందరాజులుగారి కొట్టు మెట్ల మీద చెప్పులు విడుస్తుండగా వదిలేసి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఒక చెప్పు కాలికీ ఒక చెప్పు చేతిలోనూ పెట్టుకుని వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నారు. ఇక లోపలికి రానిద్దాం.

రానిచ్చే ముందు, పత్రికను పొరుగింటికి అరువిచ్చి మధ్యలో కథ పోగొట్టుకున్న వారి కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ఏలూరులో గోవిందరాజులుగారిది నాలుగు తరాల ఇత్తడి, కంచు సామాన్ల కొట్టు. పగలు బిందెలు అమ్ముతారు, సాయంత్రం వీణ వాయిస్తారు. ఆ వీణ ఆయన ముత్తాత పెద్ద గోవిందరాజులుది. ఒకే పనసమాను తొలిచి చేసిన ఏకాండి వీణ. ఆ ముత్తాతగారే నూట పదేళ్ళ క్రితం ఒక మేళం కట్టారు. పేరు శ్రీ ప్రాచీన వాద్య సమాజం. అంత పేరు పలకడానికి ఏలూరు జనానికి తీరికేదీ? తాతల మేళం అన్నారు, అదే నిలిచింది. నూరేళ్ళు నిండని వాద్యం ఆ మేళంలోకి రాకూడదని ఇప్పటి నియమం. హార్మోనియం పెట్టె అయితే వాళ్ళ వీధి మలుపు కూడా తిరగకూడదు. మేళంలోని జోగారావు మృదంగం సంగతి మాత్రం అడక్కండి. కట్టె నూరేళ్ళదే, తోలు మొన్న దసరాకి వేయించింది.

ఈ మేళానికి శ్రుతి ఇచ్చేది మనిషి కాదు, ఒక కంచు గిన్నె. ముత్తాతగారు మేళం కట్టిననాడే పోతపోయించిన గిన్నె. గుడ్డ చుట్టిన కర్రతో దాని అంచు మీద కొడితే వచ్చే నాదానికే వీణ, ముఖవీణ, మృదంగం, అన్నీ తల వంచాలి. ఆ గిన్నె గొప్పతనం గురించి మా వైపు ఒక మాట ఉంది. ముత్తాతగారు ఒకసారి కొల్లేటి మధ్యలో దోనె మీద కచేరీ పెట్టి గిన్నె మోగించారట. ఆ నాదానికి చేపలు మైమరచి గాల్లోకి ఎగిరి దోనెలో పడటం మొదలెట్టాయట. దోనె నిండా చేపలు. పాపం, చేప ముట్టని వర్తకులు అందరూ నీళ్ళలో దూకి ఒడ్డుకు ఈదుకొచ్చారట. ఒక్క హబీబ్ సాహెబు మాత్రం దోనెలో కూర్చుని ముఖవీణ ఊదుతూ సాయంత్రానికి చేపలతో సహా ఒడ్డుకు చేరారట. ఆ హబీబ్ సాహెబే మన ఇమాం సాహెబుగారి ముత్తాత. నమ్మకపోతే మానండి. ఆ చేపల కూర తిన్నవాళ్ళ మనవలు ఇంకా ఉన్నారు.

ముఖవీణ అంటే పేరులో వీణ ఉందిగాని మీటేది కాదు, ఊదేది. సన్నాయికి తమ్ముడు. జానెడున్నర నల్లకర్ర గొట్టం. ఇమాం సాహెబుగారి చేతిలో ఉన్నది హబీబ్ సాహెబు ఊదిన గొట్టమే.

ఇప్పుడు తగాదా ఆ గొట్టం మీదే. కిందటి నెల తాడేపల్లిగూడెంలో నాటకాల కంపెనీ హార్మోనిస్టు నిత్యానందం నలుగురిలో లేచి, "తాతల మేళంలో వీణ ఒక శ్రుతి, ముఖవీణ ఇంకో శ్రుతి. ఇద్దరు తాతలకీ పడదు కాబోలు" అన్నాడు. జనం నవ్వారు. రాబోయే గురువారం అదే గూడెంలో మేళం కచేరీ. నిత్యానందం మొదటి వరసలో కూర్చుంటానని కబురు చేశాడు. దాంతో సమాజం కార్యదర్శి, ప్లీడరు గుమస్తా జోగారావు ఒక కాగితం రాసుకుని సోమవారం మధ్యాహ్నం ఇమాం సాహెబుగారిని రమ్మన్నాడు. అదీ సంగతి.

ఇమాం సాహెబుగారు రెండో చెప్పు కూడా విడిచి, కొట్టు దాటి, వెనక హాల్లోకి వచ్చి చాప మీద కూర్చున్నారు. అరవైకి దగ్గర పడిన మనిషి. కూర్చున్నా మగ్గం ముందు కూర్చున్నట్టే నిటారుగా ఉంటారు. వృత్తికి తివాచీల నేత. ఆయన వేళ్ళు ముడివేసిన తివాచీలు లండన్‌లో దొరల ఇళ్ళలో పరిచి ఉన్నాయి. ఆ దొరలు వాటి మీద బూట్లతో నడుస్తారని తెలిసి ఒకసారి ఒక పూటంతా అన్నం మానేశారు.

జోగారావు గొంతు సవరించుకుని చదివాడు. "శ్రీ ప్రాచీన వాద్య సమాజము వారి కార్యవర్గము నేడు సమావేశమై, సుదీర్ఘముగా చర్చించి..."

"కార్యవర్గం అంటే ఎవరండీ?" ఇమాం సాహెబుగారు మెల్లగా అడిగారు.

"అధ్యక్షులు గోవిందరాజులుగారూ, నేనూనండి."

"మీరిద్దరూ రోజూ ఆ అరుగు మీదే కూర్చుంటారు కదండీ. ఇవాళ కొత్తగా సమావేశమయ్యేదేముందండీ?"

జోగారావు ఆ మాట వినబడనట్టు చదువుకుపోయాడు. సారాంశం ఏమంటే, ముఖవీణ శ్రుతి గిన్నె శ్రుతికి ఎక్కువగా ఉన్నందువల్ల మేళం పరువు పోతున్నది. కనుక గురువారం నుంచి ముఖవీణ లేకుండానే కచేరీ జరుగుతుంది. సదరు ఇమాం సాహెబు చేసిన సేవలకు సమాజం కృతజ్ఞత తెలుపుతున్నది. శాలువా ఒకటి.

"ఏం రంగండీ?" అన్నారు ఇమాం సాహెబు.

"ఏది?"

"శాలువా."

జోగారావు గోవిందరాజులుగారి వంక చూశాడు. ఆయన వీణ మీద నుంచి కళ్ళెత్తలేదు. నలభై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని వాయించిన మనిషికి ఎదురుగా కళ్ళెత్తడం అంత తేలికేం కాదు. అయినా ఎత్తారు.

"నా మనసుకి కష్టంగానే ఉంది సాహెబుగారూ. కానీ గిన్నె ముందు నేనూ ఒకటే, మీరూ ఒకటే. కంచు అబద్ధం ఆడదు. మీరే వినండి."

పీట మీద గిన్నెను కర్రతో తాకారు. నాదం హాలంతా నిండింది. వీణ మొదటి తీగ సారణిని మీటారు. గిన్నెలోంచి వచ్చినట్టే వచ్చింది. ఇమాం సాహెబుగారు ముఖవీణ అందుకుని ఆధార షడ్జం ఊదారు. రెండూ దగ్గర దగ్గరగా వచ్చాయిగాని కలవలేదు. ఒకే గుమ్మంలోంచి ఇద్దరు ఒకేసారి దూరబోయి భుజాలు రాసుకున్నట్టు రాసుకున్నాయి.

"విన్నారుగా" అన్నాడు జోగారావు. "పోయిన ఉగాదికే చెప్పాం. ఇంకో గోరంత మైనం పెట్టమన్నాం."

ఇక్కడ మైనం సంగతి చెప్పాలి. గొట్టం శ్రుతి ఎక్కువైతే కన్నాల పైభాగాన కొంచెం మైనం పూస్తారు. కన్నం చిన్నదైతే స్వరం దిగుతుంది. ఇమాం సాహెబుగారు నలభై ఏళ్ళుగా ఆ పని చేస్తూనే ఉన్నారు.

"ఇంకా పెట్టడానికి చోటేదండీ?" అంటూ ఆయన గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూపించారు. "ఇది చూడండి, కన్నమా, సూది బెజ్జమా? ఇంకో గోరంత పెడితే దీన్ని ముఖవీణ అనరండీ. ఊదుగొట్టం అంటారు. అమ్మగారికి పొయ్యి దగ్గర పనికొస్తుంది."

తలుపు వెనక గాజులు చప్పుడయ్యాయి. గోవిందరాజులుగారి భార్య మంగతాయారుగారు నవ్వు ఆపుకుంటున్నారని అందరికీ తెలిసింది.

"నవ్వులాటలకేం గానీ, మరి మేళం పరువు మాటేమిటండీ?" అన్నాడు జోగారావు.

"నా పరువు మాట అడగరాండీ?" అన్నారు ఇమాం సాహెబు. గొంతు పెంచలేదు. "మా ముత్తాత ఊదిన గొట్టం తప్పని కాగితం మీద రాస్తున్నారు. రేపు మా వీధిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పుకోమంటారు? మా ముత్తాతకు శ్రుతి తెలియదని చెప్పుకోనా? ఈ ముఖవీణ బయటికి వెళ్తే ఇంకోటి పట్టుకుని రావడానికి మీ నియమం ఒప్పుకోదు. నాకు నూరేళ్ళ గొట్టం ఇంకోటి ఎక్కడిదండీ?"

జవాబు చెప్పవలసిన సమయంలో కొట్టులోంచి కేక వినిపించింది. గుండుగొలను నుంచి ఒక పెద్దావిడ పాత బిందె మార్చుకోవడానికి వచ్చింది. లక్ష్మి వచ్చినప్పుడు సరస్వతిని కాసేపు కూర్చోమనడం వర్తకుల ఇంటి మర్యాద. గోవిందరాజులుగారు బతుకుజీవుడా అని లేచి వెళ్ళారు. హాల్లో ఉన్నవాళ్ళకు త్రాసు గొలుసుల చప్పుడు, ఆ తరవాత మాటలు వినిపించాయి.

"ఇదేంటండీ, ఎనిమిది పలాలు తక్కువంటారు? మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న బిందె. అడుగున మీ కొట్టోళ్ళే తూకం చెక్కారు, రెండు వీశెలని. ఆ ఎనిమిది పలాలూ ఎక్కడికి పోయాయండీ?"

"మీ ఇంటి తూములోకి పోయాయమ్మా" గోవిందరాజులుగారు తాపీగా చెబుతున్నారు. ఆ మాట ఆయన రోజుకు పదిసార్లు చెబుతారు. "మీ అమ్మగారూ మీరూ కలిసి ఒక అరవై ఏళ్ళు తోమారా? చింతపండు, ఇటుకపొడి వేసి?"

"తోమకపోతే ఎట్టాగండీ? నలుగురూ చూసేది."

"అదేనమ్మా. మురికొక్కటే పోతోందనుకున్నారు. రోజూ ఇంత ఇత్తడి కూడా దానితో పోయింది. మెరుపు ఊరికే రాదు. కొంచెం కొంచెం తినే వస్తుంది. దీన్నే మేం అరుగుదల అంటాం."

పెద్దావిడ కొంచెం సణిగి, కొత్త బిందె చంకన పెట్టుకుని పోయింది. గోవిందరాజులుగారు చేతులు దులుపుకుంటూ తిరిగి వచ్చి కూర్చున్నారు. ఇమాం సాహెబుగారు అప్పటికే చాలాసేపటి నుంచి గిన్నె వంక చూస్తున్నారు. తివాచీలో ఎక్కడో ఒక ముడి తప్పిందని తెలిసి, ఎక్కడో తెలియనప్పుడు ఆయన అలాగే చూస్తారు.

"శెట్టిగారూ, ఒక్క మాట అడగనాండీ?"

"అడగండి."

"మీ గిన్నెను చింతపండుతో తోమరాండీ?"

గోవిందరాజులుగారు గిన్నెను తన వైపు కొంచెం జరుపుకున్నారు.  

జోగారావు అందుకున్నాడు. "అది దేవుడి గిన్నెండీ. ఆవిడ నీళ్ళ బిందెతో పోలుస్తారేంటి? పైగా అది కంచు. కంచు అరగడానికి అదేమన్నా సబ్బుబిళ్ళా?"

"దేవుడి గిన్నెకు మురికి పట్టదాండీ?"

"తోముతాం."

ఆ మాట అన్నది మంగతాయారుగారు. తలుపు వెనక నుంచి ముందుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "రోజూ తోముతాం. దేవుడి సామానుతో పాటే. నలభై రెండేళ్ళుగా నేనే తోముతున్నాను. నాకు ముందు మా అత్తగారు రత్నాంబగారు. ఆవిడ నాకన్నా గట్టిగా తోమేవారు. ఆవిడ తోమిన గిన్నెలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకునేదాన్ని."



ఇమాం సాహెబుగారు సంచీలోంచి తివాచీ సూది తీశారు. ముఖవీణను ఒళ్ళో పెట్టుకుని మొదటి కన్నంలోంచి మైనం గీకడం మొదలుపెట్టారు. గీకిన మైనాన్ని పక్కనున్న తమలపాకు మీద పెడుతూ, చిన్నపిల్లలకు కథ చెప్పినట్టు చెప్పారు.

"మా ముత్తాత ఊదినప్పుడు దీంట్లో ఒక్క చుక్క మైనం లేదండీ. మా తాత కాలంలో మీ తాతగారు కొంచెం ఎక్కువగా ఉందన్నారు. ఆవగింజంత పెట్టారు. మా నాన్న కాలంలో మీ నాన్నగారన్నారు. మినపగింజంత అయింది. నా కాలానికి..." ఆకు మీద మైనం ముద్ద అప్పటికే శనగగింజను దాటి ఉసిరికాయ వైపు పోతోంది. "మేం మూడు తరాలు మాదే తప్పనుకున్నామండీ. ఏటేటా ఒకరు ఎక్కువైపోతున్నారంటే, ఎదుటివాళ్ళు తగ్గుతున్నారేమోనని అడగడం మాకు చేతకాలేదు."

"కర్ర ఎండి కుంచించుకుపోయి ఉంటుంది" అన్నాడు జోగారావు. "కర్ర కుంచించుకుపోతే శ్రుతి పెరుగుతుంది. అందరికీ తెలిసిన విషయమే."

ఇమాం సాహెబుగారు సంచీలోంచి పసుపుపచ్చగా మారిపోయిన నూలుతాడు ఒకటి తీశారు. దాని నిండా ముడులు. "మేం నేతవాళ్ళం. మాకు రాత రాకపోయినా ముడి వచ్చునండీ. ఈ గొట్టం చేయించిన రోజునే మా ముత్తాత దీని పొడుగు, కన్నం కన్నానికీ మధ్య దూరం ఈ తాడు మీద ముడులు వేసి పెట్టారు. చూసుకోండి."

తాడును గొట్టం పొడవునా పరిచారు. ముడి ముడికీ కిందనే కన్నం ఉంది. చివరి ముడి గొట్టం చివర అంచు మీద కూర్చుంది.

"తాడు కూడా కుంచించుకుపోయి ఉంటుంది" అన్నాడు జోగారావు. ఇన్నేళ్ళ ప్లీడరు సావాసం వృథా పోలేదు.

"కర్ర, నూలు రెండూ నూట పదేళ్ళు ఒక్క లెక్కన కుంచించుకుపోయాయంటే వాటి స్నేహం మన స్నేహం కన్నా గట్టిదే అయ్యుండాలండీ." ఇమాం సాహెబుగారు తాడు మడిచి గోవిందరాజులుగారి వైపు తిరిగారు. "మా ఇంటి కొలత ఇదండీ. మీ ఇంట్లో కూడా కొలత ఉండే ఉంటుంది. గుండుగొలను ఆవిడ బిందెకే అడుగున తూకం చెక్కిన కొట్టు, సొంత గిన్నెకు చెక్కకుండా ఉంటుందాండీ?"

గోవిందరాజులుగారు తల ఊపారు. "చెక్కి ఉంది. కానీ దేవుడి సామాను త్రాసులో పెట్టకూడదు సాహెబుగారూ. మా వంశంలో ఎవరూ పెట్టలేదు. త్రాసులోకి ఎక్కిందంటే అమ్మకానికి పెట్టినట్టే. మా నాన్న ఆ కొట్టులో తూచని వస్తువంటూ లేదు, ఒక్క గిన్నె తప్ప."

వింత చూశారా? ఊరందరి బిందెల అరుగుదలా వేలి కొసన చెప్పగల ఇల్లు అది. పెదపాడు నుంచి కామవరపుకోట దాకా ఎవరు ఏ గిన్నె తెచ్చినా చేతిలోకి తీసుకోగానే ఇన్ని పలాలు పోయిందని చెప్పేవారు. తమ గిన్నె ఒక్కటే అరగదని నాలుగు తరాలు నమ్మారు. భక్తి అలాంటిది. అది కళ్ళు మూయదు, త్రాసు మూస్తుంది.

"తూచకూడదంటే తూచకూడదంతే" అన్నాడు జోగారావు హాయిగా. "తీర్మానం మీద సంతకం..."

మంగతాయారుగారు లోపలికి వచ్చారు. పీట దగ్గరకు వంగి, రెండు చేతులతో గిన్నెను ఎత్తి గుండెలకు ఆనించుకున్నారు.

"మంగా" అన్నారు గోవిందరాజులుగారు.

"అమ్మడానికి తూస్తే తప్పండీ. అడగడానికి తూస్తే తప్పేముంది?" అన్నారు ఆవిడ. "దీన్ని నేను రోజూ ముట్టుకుంటాను. అడుగున ఉన్న గీతలు నా వేళ్ళకు తగులుతూనే ఉంటాయి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో గరుకుగా తగిలేవి. ఇప్పుడు వెతుక్కోవాల్సి వస్తోంది. చదువుకోని దాన్ని, అవేంటో నాకు తెలియదు. మీరు చదవండి."

గిన్నెను బోర్లించి ఆయన ముందు పట్టుకున్నారు. గోవిందరాజులుగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. కనబడలేదు. కళ్ళజోడు తీసేసి, కొట్టులో సామాను చూసినట్టే వేలితో తడిమారు. మొదట ముత్తాత పేరు, దాని కింద తూకం.

"వీశెన్నర" అన్నారు.

నలుగురూ కొట్టులోకి నడిచారు. వీధిలో పోయేవాళ్ళకు ఏం కనబడిందో గానీ, ఒక ముసలి వర్తకుడు, ఒక ముసలి సాహెబు, ఒక గుమస్తా త్రాసు చుట్టూ పెళ్ళిపీటల చుట్టూ నిలబడ్డట్టు నిలబడ్డారు. మంగతాయారుగారు గిన్నెను ఎడమ పళ్ళెంలో తానే పెట్టారు. గోవిందరాజులుగారు కుడి పళ్ళెంలో ముందు వీశె గుండు పెట్టారు. తరవాత అర వీశె గుండు. చెయ్యి తీశారు.

గిన్నె పైకి లేచింది.

ఆయన గిన్నె పక్కన ఒక పలం రాయి పెట్టారు. ముల్లు కదల్లేదు. ఇంకో పలం. ఇంకోటి. మూడు పలాల తరవాత ముల్లు కొంచెం ఊగింది. అర పలం పెట్టాక నిలబడింది.

మూడున్నర పలాలు. వీశెన్నర అంటే అరవై పలాలు, అందులో పదహారో వంతుకు కాస్త తక్కువ. కంచు అంత పలచబడితే నాదం ఎంత దిగుతుందో గోవిందరాజులుగారికి ఒకరు చెప్పనక్కర్లేదు. వీణ మీద సరిగ్గా ఒక మెట్టు, అంటే అర స్వరం. ముఖవీణకూ గిన్నెకూ మధ్య ఉన్న ఎడం కూడా, మైనం లేకుండా చూస్తే, అదే.

మంగతాయారుగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "అయితే మేళం శ్రుతిని తూములో పారబోసింది నేనాండీ?"

"నువ్వొక్కదానివే ఎందుకవుతావు?" గోవిందరాజులుగారు త్రాసు మీద నుంచి కళ్ళు తిప్పకుండానే అన్నారు. "మా అమ్మ, మా నాయనమ్మ, ఆవిడ అత్తగారు. నలుగురు కోడళ్ళు నూట పదేళ్ళు కష్టపడితే ఒక్క మెట్టు దిగింది. పని అంత శ్రద్ధగా చేశారు. నా పని నేను చెయ్యలేదు. వీధి వీధంతా తూచాను, ఇది తూచలేదు."

ఇమాం సాహెబుగారు గెలిచిన మనిషిలా లేరు. గొట్టాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని, దూరం నుంచి ఎవరో పిలిచినట్టు తల కొంచెం వంచి నిలబడ్డారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయిగాని కింద పడలేదు. అవి ఆయన ముత్తాత కోసం దాచుకున్నారు.

మొదట తేరుకున్నది జోగారావే. వీధి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "సరే, జరిగిందేదో జరిగింది. ఇది నలుగురికీ తెలియాల్సిన పనిలేదు కదండీ. నూట పదేళ్ళుగా మారని శ్రుతి అని ఐదు వందల కరపత్రాలు వేయించాం. గూడెం స్టేషన్‌లో కూడా పంచేశారు. ఆ తీర్మానం చింపేస్తాను. సాహెబుగారూ గురువారం వస్తారు. ఆ మైనమేదో మళ్ళీ పెట్టేసుకుంటే, కచేరీ అయ్యాక నిదానంగా..."

"జోగారావుగారూ" అన్నారు గోవిందరాజులుగారు.

"ఏమండీ?"

"ఆ తమలపాకు ఇలా ఇవ్వండి."

జోగారావు ఆకు తెచ్చి ఇచ్చాడు. గోవిందరాజులుగారు దాని మీది మైనం ముద్దను పెద్ద నిధిని చూసినట్టు చూసి, వేళ్ళతో నలిపి, కొట్టు ముందు కాలువలోకి విసిరేశారు. తరవాత గిన్నెను త్రాసులోంచి తీసి భార్య చేతికిచ్చారు. "దేవుడి దగ్గర పెట్టు. ఇక అది దేవుడిదే. మేళం మాట నేను చూసుకుంటాను."

హాల్లోకి వచ్చి వీణ ముందు కూర్చున్నారు. కండువా సర్దుకున్నారు. మేళం మొదలయ్యే ముందు గిన్నె వైపు తిరిగి నమస్కారం పెట్టడం ఆయనకు అలవాటు. అలవాటుగా చేతులు లేచాయి. పీట ఖాళీగా ఉంది. ఆ లేచిన చేతులను అలాగే ఇమాం సాహెబుగారి వైపు తిప్పారు.

"సాహెబుగారూ, శ్రుతి ఇవ్వండి."

నూట పదేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ మనిషితో అనలేదు. గిన్నెతో అనాల్సిన పని లేదు కదా.

ఇమాం సాహెబుగారు వెంటనే ఊదలేదు. డబ్బీలోంచి కొత్త పీక తీశారు. కొల్లేటి కిక్కిస గడ్డి కోసి, ఆరబెట్టి, ఆయనే చెక్కుకున్నది. పెదవుల మధ్య తడిపి గొట్టానికి బిగించారు. నడుము సర్దుకుని ఊదారు.

ఆ ముఖవీణను ఆ హాల్లో గోవిందరాజులుగారు కొన్ని వేల సార్లు విని ఉంటారు. ఇది ఆయనకు తెలిసిన గొంతు కాదు. ఇన్నేళ్ళూ ముక్కు పట్టుకుని మాట్లాడిన మనిషి చెయ్యి తీసి మాట్లాడినట్టుంది. స్వరం తిన్నగా, తేటగా, ఎండలో కొల్లేటి నీళ్ళలా పరుచుకుంది. ఎదురుగా మిఠాయి కొట్టులో బూందీ దూసేవాడు గరిటె ఆపాడు. దాని ఫలితం నూనెలో కనబడి ఉంటుంది.

గోవిందరాజులుగారు సారణి తీగను బిగించే బిరడా పట్టుకున్నారు. తిప్పారు. తీగ మూలిగింది. ఇంకా తిప్పారు. తీగ నాదం మెల్లగా మెట్టెక్కి ముఖవీణ నాదం పక్కన నిలబడింది, తరవాత దానిలో కలిసిపోయింది. రెండో తీగ పంచమం. అదీ ఎక్కింది. ఆ రెండింటినీ కలిపి మీటినప్పుడు వీణ కుండ అడుగు నుంచి ఒక గుమ్మని నాదం లేచి ఆయన మోకాలికి తగిలింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"మా నాన్న వాయించినప్పుడు కూడా ఇది ఇలా మోగలేదు" అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు. "నేను ఈ వీణ గొంతు ఇంతేననుకున్నాను. ఇది ఇన్నాళ్ళూ నిద్రపోతోంది."

"లేచిందిగా అండీ" అన్నారు మంగతాయారుగారు. ఆవిడ గుమ్మంలో కాదు, చాప అంచున వచ్చి కూర్చున్నారు. ఆ హాల్లో ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

జోగారావు కూడా మృదంగం ఒళ్ళోకి లాక్కున్నాడు. పాడు మనిషి కాడు. చెవి ఉన్నవాడే.

మూడో తీగ, మంద్రం. లావు తీగ. అది ఎక్కడానికి మొరాయించింది. గోవిందరాజులుగారు అరచేత్తో బిరడా నొక్కి తిప్పారు. నాదం పాక్కుంటూ పాక్కుంటూ శ్రుతి దాకా వచ్చింది.

అప్పుడు వీణ మెడ లాంటి దండిలోంచి చప్పుడొకటి వచ్చింది. పెద్దదేం కాదు. ఎండిన చింతగింజ పగిలినంత. అందరూ విన్నారు.

మెట్ల వరస పక్కన, నల్లబడిన పనసకర్ర మీద, సన్నని తెల్ల గీత. వేలెడు పొడుగు. పుట్టి ఇంకా క్షణం కాలేదు.

ఇమాం సాహెబుగారు ముఖవీణ నోట్లోంచి తీసేశారు. "దించేయండి శెట్టిగారూ." ఆయన చాప మీద ముందుకు జరిగారు. "మూడు తీగలూ దించేయండి. మీ ముత్తాతగారి వీణండీ. ఒకే మాను. చీలిందంటే అతికేవాడు ఈ భూమ్మీద లేడు. నా మాట నెగ్గింది, నాకది చాలు. మైనం నేను మళ్ళీ పెట్టుకుంటాను."

"ఏవండీ" అన్నారు మంగతాయారుగారు. చెయ్యి చాచారుగాని వీణను ముట్టుకోలేదు.

గోవిందరాజులుగారు గీత వంక చూశారు. బొటనవేలితో ఒకసారి దాని పొడవునా రాశారు, జ్వరం చూసినట్టు. ఆ వీణకు గొంతు కావాలంటే ఈ శ్రుతి కావాలి. ఈ శ్రుతిలో ఉంచితే గురువారం దాకా నిలుస్తుందో లేదో చెప్పగలవాళ్ళు ఆ గదిలో లేరు. దించేస్తే ఇంకో నూరేళ్ళు నిక్షేపంలా ఉంటుంది, నిద్రపోతూ.

మైనం మాట విన్నట్టే లేరు ఆయన. చెయ్యి నాలుగో బిరడా మీదకు వెళ్ళింది.

"ఇంకా ఒక తీగ ఉంది సాహెబుగారూ" అన్నారు. "మీరు శ్రుతి ఆపకండి."

ఇమాం సాహెబుగారు ఆయన మొహంలోకి చూశారు. తరవాత కళ్ళు మూసుకుని, గుండె నిండా ఊపిరి తీసుకున్నారు.

గోవిందరాజులుగారు బిరడా తిప్పారు.